చవక స్కోపులు మూడు కొన్నా, ఒకటే మిగిలింది

ఎయిర్ రైఫిల్ మీద బిగించే స్కోపుల ముచ్చట ఇది, అంటే గురి చూసే దుర్బిణులు. ముందే చెప్తున్నా, నేను షూటర్‌ని కాదు. హన్మకొండలో మోటార్ వైండింగ్ షాపు నాది. ఆదివారం మధ్యాహ్నం షట్టర్ దించేసి, బైకు మీద వర్ధన్నపేట అవతల ఉన్న మా బామ్మర్ది మామిడితోటకు పోయి, బావి తవ్వినప్పుడు పోసిన మట్టికుప్ప ముందర ఇసుక నింపిన 15 కిలోల నూనె డబ్బా పెట్టి, దానికి పాత పెళ్లికార్డు అంటించి, ఓ యాభై అరవై పెల్లెట్లు (ఎయిర్ రైఫిల్‌లో వేసే చిన్న గుళ్లు) కాల్చి చాయ్ తాగి ఇంటికి రావడం, ఇంతే నా షూటింగ్. పెళ్లికార్డులే ఎందుకంటే అట్ట మందంగా ఉంటుంది, పెల్లెట్ పడితే రంధ్రం చిరగకుండా గుండ్రంగా వస్తుంది, పైగా మన ఇళ్లల్లో వాటికి కరువు లేదు. వినాయకుడి బొమ్మ ఉన్న భాగం కత్తిరించి పక్కన పెట్టాకే మిగతాది తీసుకుపోనిస్తుంది మా ఆవిడ.

ఈ పిచ్చి మొదలైంది ఐనవోలు మల్లన్న జాతరలో. బుగ్గలు (బెలూన్లు) కొట్టే స్టాల్ ఉంటుంది కదా, పది దెబ్బలకు ఇంత అని తీసుకుంటాడు, అక్కడ మా చిన్నోడి ముందర పదికి రెండు కొట్టాను. ఆ తుపాకీ ముందు సైటు, అంటే గురి చూసే మొన, వంగి ఉందని నాకు తెలుసు, అయినా నా పరువు పోయింది. తర్వాత మూడు నెలలకు ఒక స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ కొన్నాను, మధ్యకు మడిచి పెల్లెట్ పెట్టే రకం, 0.177 అంగుళాలు అంటే 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు). లైసెన్సు ఏమైనా కావాలా అని అందరూ అడుగుతారు కాబట్టి ఒక మాట: 4.5 మి.మీ. బోరు దాటకుండా, పెల్లెట్ బయటికి వచ్చే బలం 20 జౌల్స్ దాటకుండా ఉంటే మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు, 2016 ఆయుధ నియమాలు చెప్పేది అదే. అమ్మేవాడు ఆధార్ మాత్రం అడుగుతాడు. బిల్లు కాపీ ఒకటి నేను ఎప్పుడూ గన్ సంచిలోనే ఉంచుతా, నా భుజాన ఆ పొడుగు సంచి చూసి దారిలో ఎవరైనా ఆపితే కథలు చెప్పుకుంటూ నిలబడే ఓపిక నాకు లేదు.

ఇంకో ప్రశ్న కూడా తప్పదు. సంచి చూడగానే ఊళ్లో ప్రతివాడూ "కోతులకా అన్నా?" అంటాడు. కాదు తమ్మీ. కోతులు పెట్టే బాధ నాకూ తెలుసు, మా బామ్మర్ది తోటలో కాయ మిగలనియ్యవు, కానీ ప్రాణం ఉన్నదాని మీద గురి పెట్టను. పెల్లెట్ దిగిన జంతువు అక్కడే చావదు, పుండు పట్టి వారాల తరబడి చస్తుంది. చట్టం సంగతి వేరే. నేను రాసేదంతా కార్డు మీద, కూల్‌డ్రింకు మూతల మీద కాల్చేవాళ్ల కోసమే.

ఇక అసలు విషయం. నాకు 47 ఏళ్లు, చత్వారం వచ్చింది. తుపాకీ మీద ఉండే మామూలు సైట్లతో కాల్చాలంటే కన్ను మూడు చోట్ల చూడాలి: దగ్గర్లో వెనక గాడి, దానికి మూరెడు అవతల ముందు మొన, అవతల టార్గెట్. పాతికేళ్ల కుర్రాడి కన్ను ఈ మూడింటి మధ్య ఎగిరి దూకుతుంది. నాకు వెనక గాడి దూదిలా కనపడుతుంది, కళ్లద్దాలు పెడితే గాడి కనపడుతుంది, కార్డు మాయమవుతుంది. స్కోపులో ఈ బాధ ఉండదు, ప్లస్ గీత, టార్గెట్ రెండూ ఒకే చోట ఉన్నట్టు కనపడతాయి, వెనక అద్దం తిప్పి మన కంటికి గీతను ఒకసారి సరిచేసుకుంటే చాలు. అందుకే స్కోప్ కొన్నాను, దూరం కొడదామని కాదు. మీకు కళ్లు బాగుండి, కాల్చేది 10 మీటర్లే అయితే స్కోప్ ఆలోచనే పక్కన పెట్టండి. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో స్కోపులకు అనుమతే లేదు. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం కొట్టింది వెనక చిన్న రంధ్రం, ముందు రింగు ఉండే సైట్లతోనే, ఆ పోటీలో పదో నంబరు చుక్క అర మిల్లీమీటరు ఉంటుంది. పిల్లలను పోటీలకు తయారు చేద్దాం అనుకునేవాళ్లు స్కోప్ అలవాటు చేయించడం వట్టి దండగ.

మొదటిది 4x20. 850 రూపాయలు. నాలుగంటే నాలుగింతలు పెద్దగా చూపిస్తుంది, 20 అంటే ముందు అద్దం 20 మిల్లీమీటర్లు. తుపాకీతో పాటు కలిపి అమ్ముతుంటారు చూడండి, సన్న గొట్టం, బొటనవేలంత లావు, అదే. డబ్బా విప్పి షాపు గుమ్మంలోంచి ఎదురుగా ఉన్న బోర్డు చూస్తే అక్షరాలు బాగానే కనపడ్డాయి, కాకపోతే కన్ను కచ్చితంగా ఒకే చోట పెట్టాలి, పెన్సిల్ మందం పక్కకు జరిగితే నల్లటి నీడ అడ్డమొస్తుంది. తోటకు తీసుకుపోయి 10 మీటర్ల దగ్గర సరిచేశా. పది కాల్పులు బాగున్నాయి. "బావా, మంచిగనే కొడుతున్నవ్‌గదే" అన్నాడు మా బామ్మర్ది. పదిహేనో దెబ్బ నుంచి కిందికి పడటం మొదలైంది. నా చెయ్యేమో అనుకున్నా. ముప్పైకి కార్డు దాటి డబ్బా అంచుకు తగిలింది. చూస్తే స్కోప్ తనను పట్టుకునే రింగులతో (వీటినే మౌంట్ అంటారు) సహా వెనక్కి జరిగి, తుపాకీ మీది గాడి చివరికి వచ్చి ఆగింది.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాల్సింది ఉంది, ఎందుకంటే ఎయిర్ రైఫిల్ కొనేవాళ్లలో సగం మంది ఇక్కడే మోసపోతారు. స్ప్రింగ్ తుపాకీ నిప్పుతో పేలే తుపాకీలా ఒకేసారి వెనక్కి తన్నదు. ట్రిగ్గర్ నొక్కగానే లోపలి స్ప్రింగు బరువైన పిస్టన్‌ను ముందుకు విసురుతుంది, అప్పుడు తుపాకీ వెనక్కి పోతుంది. పిస్టన్ చివరికి వచ్చి నొక్కుకుపోయిన గాలికి తగిలి ఆగుతుంది, అప్పుడు తుపాకీ ముందుకు తన్నుకొస్తుంది. రెండు వైపులా దెబ్బ, రెప్పపాటులో. మామూలు స్కోప్ తయారుచేసేవాడు ఒక వైపు దెబ్బకే లెక్క చూసుకుంటాడు, రెండో వైపు దెబ్బకు లోపలి అద్దాల రింగులు వదులవుతాయి, ప్లస్ గీత వంకర తిరుగుతుంది, మౌంట్ జారుతుంది. పెద్ద పెద్ద తుపాకుల మీద ఏళ్లు నిలిచిన స్కోపులు కూడా స్ప్రింగ్ ఎయిర్‌గన్ మీద పాడవుతాయంటే మొదట్లో నేను నమ్మలేదు. మా షాపులో ఆలోచిస్తే అర్థమైంది, మోటారు ఒకే వైపు తిరిగినంత కాలం బేరింగు బతుకుతుంది, అటూ ఇటూ కొట్టుకునే చోట పెడితే అదే బేరింగు నెలకు అరుస్తుంది.

4x20ని మళ్లీ బిగించాను, రింగు స్క్రూ కొంచెం గట్టిగా తిప్పేసరికి గొట్టం నొక్కుకుపోయింది. రేకు అంత పల్చన. అంతే దాని కథ. తుపాకీతో ఉచితంగా వచ్చినా తీసి పక్కన పెట్టండి అని నా మాట, దానికి పెట్టే 850తో మంచి పెల్లెట్ల డబ్బాలు కొనుక్కోవచ్చు.

రెండోది 3-9x40, అంటే మూడింతల నుంచి తొమ్మిదింతల దాకా తిప్పుకోవచ్చు. ఆన్‌లైన్‌లో 2,300. ఇదొక్కటే మీలో చాలామంది కార్టులో పెట్టి చూసుకుంటూ ఉంటారని నాకు తెలుసు, అందుకే దీని గురించే ఎక్కువ రాస్తా. బ్రాండ్ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను కొన్న వెబ్‌సైటులోనే అదే ఫోటో, అదే అచ్చు, అదే మూతలు, ఇంకో రెండు పేర్ల మీద అమ్ముతున్నారు. పేరు చూసి కొనేదేం లేదు ఈ ధరలో.

చేతిలోకి తీసుకుంటే బరువుగా, నల్లగా, భలే ఉంటుంది. అద్దం కూడా, నిజం చెప్పాలంటే, ఆ డబ్బుకు బాగుంది. సాయంత్రం ఆరు గంటలకు తోటలో నీడ పడ్డాక కూడా కార్డు మీద గీసిన రూపాయి బిళ్ల గుండ్రం కనపడింది. మూడు మీద పెడితే వెలుతురు బాగా వస్తుంది, తొమ్మిదికి తిప్పితే మసక. అది లోపం కాదు, లెక్కే అంత: ముందు అద్దం 40ని 9తో భాగిస్తే కంటికి వచ్చే వెలుగు చుక్క నాలుగున్నర మిల్లీమీటర్లు, 3తో భాగిస్తే 13. తొమ్మిది మీద పెట్టి చూస్తే మన గుండె కొట్టుకోవడం కూడా కార్డు మీద కనపడుతుంది, ఊరికే టెన్షన్. నేను ఎప్పుడూ నాలుగైదు దాటించను.

దీని అసలు రోగం అద్దంలో లేదు. మొదటిది పారలాక్స్. ఈ స్కోపులు ఎక్కువగా 100 గజాల దూరానికి సరిచేసి వస్తాయి, మనం కాల్చేదేమో 10, 20 మీటర్లు. అలాంటప్పుడు తుపాకీ కదలకపోయినా సరే, తల అటు ఇటు జరిపితే ప్లస్ గీత కార్డు మీద పాకుతుంది. ఒకసారి తుపాకీని రెండు వడ్ల బస్తాల మధ్య ఇరికించి, చెయ్యి వదిలేసి, తల మాత్రమే కదిపి చూడండి, తెలుస్తుంది. 40 మి.మీ. అద్దం, 100 గజాల సెట్టింగు, 20 మీటర్ల టార్గెట్ అంటే లెక్క కడితే గురి 15 మిల్లీమీటర్ల దాకా తప్పొచ్చు. నేను చూసుకునే రూపాయి బిళ్ల వెడల్పు 22 మి.మీ., అంటే మధ్య నుంచి అంచుకు 11. తుపాకీ బాగుండి, పెల్లెట్ బాగుండి, చెయ్యి బాగుండి, కేవలం చెంప ఆనించే చోటు మారినందుకే బిళ్ల తప్పిపోతుంది. నేను దీనికి తుపాకీ దిమ్మె మీద చెంప ఆనే చోట ఇన్సులేషన్ టేపు ముక్క ఒకటి అంటించుకున్నా, ప్రతిసారీ టేపు చెంపకు తగిలితేనే ట్రిగ్గర్. సగం పైగా బాగుపడింది. పైసా ఖర్చు లేదు.

రెండో రోగం క్లిక్కులు. పైనున్న మూత తీసి గుండీ తిప్పితే టిక్ టిక్ మంటుంది కదా, ఒక్కో క్లిక్కు 100 గజాల దగ్గర పావు అంగుళం అని రాసి ఉంటుంది. 20 మీటర్ల దగ్గర అది మిల్లీమీటరున్నర కంటే తక్కువే, అందుకే మొదటిసారి సరిచేసేవాళ్లు రెండు మూడు క్లిక్కులు తిప్పి ఏమీ మారలేదే అని కంగారు పడతారు. రెండు అంగుళాలు పక్కకు పడుతుంటే 36, 37 క్లిక్కులు తిప్పాలి, భయపడకండి. మరి తిప్పినంతా అది జరుగుతుందా అన్నదే ప్రశ్న. దానికో పరీక్ష ఉంది. ఐదు పెల్లెట్లు కాల్చండి. గురి మాత్రం చివరిదాకా అదే చుక్క మీద. 20 క్లిక్కులు పైకి తిప్పి ఐదు, 20 కుడికి తిప్పి ఐదు, 20 కిందికి, 20 ఎడమకు. మంచి స్కోప్ అయితే చతురస్రం గీసి చివరి ఐదు మొదటి ఐదు మీదే పడాలి. నాది ఏం చేసిందంటే, పైకి తిప్పాక మొదటి రెండు దెబ్బలు ఉన్నచోటే పడ్డాయి, మూడో దెబ్బకు ఒక్కసారిగా మూడు సెంటీమీటర్లు ఎగిరింది. లోపల స్ప్రింగు ఎక్కడో పట్టేసి, తుపాకీ అదురుకు వదులైందన్నమాట. అప్పటి నుంచి క్లిక్కులు తిప్పిన ప్రతిసారీ స్క్రూడ్రైవర్ పిడితో గుండీ మీద నాలుగు సార్లు తట్టడం, ఊరికే ఒకటి రెండు కాల్చి పారేయడం అలవాటు చేసుకున్నా. చతురస్రం మాత్రం మూసుకోలేదు, చివరి ఐదు రెండు సెంటీమీటర్ల ఎడంగా పడ్డాయి.

ఇంకోటి. మడిచే తుపాకుల గొట్టం ఎక్కువసార్లు కొంచెం కిందికి వాలి ఉంటుంది, కంటికి తెలియదు. దాన్ని సరిచేయడానికి పైకి తిప్పుకుంటూ పోతే గుండీ చివరికి వస్తుంది, అక్కడికి వచ్చాక లోపలి స్ప్రింగుకు బిగువు ఉండదు, అప్పుడు జీరో (గురి పెట్టిన చోటే దెబ్బ పడేలా చేసిన సర్దుబాటు) రోజుకో చోట. చవక స్కోపు పాడైందని తిట్టేవాళ్లలో కొందరిది ఇదే కేసు అని నా అనుమానం. దీనికి మందు సింపుల్: గుండీలు రెండూ మధ్యకు తెచ్చి, వెనక రింగు కింద పల్చటి ముక్క ఒకటి పెట్టి ఎత్తు పెంచాలి. నేను వైండింగులో వాడే లెథరాయిడ్ కాగితం ముక్క కత్తిరించి పెట్టాను, ఏడాది నుంచి కదల్లేదు. కూల్‌డ్రింకు డబ్బా రేకు అయినా సరిపోతుంది, అంచులు మాత్రం రుద్దండి, గొట్టం గీరుకుపోతుంది.

మౌంట్ మాట. స్కోపుతో ఉచితంగా వచ్చే రెండు రింగుల మీద నాకు పూర్తిగా నమ్మకం పోయింది. మొదట కొలత చూసుకోండి, ఎయిర్ రైఫిళ్ల మీద ఎక్కువగా 11 మి.మీ. గాడి ఉంటుంది, ఆన్‌లైన్‌లో వచ్చేవి చాలావరకు 20 మి.మీ. వెడల్పు రైలుకు సరిపోయేవి. నాకు మొదటిసారి అవే వచ్చాయి, మార్చమంటే "వాడిన వస్తువు వాపసు తీసుకోం" అని జవాబు, నేనింకా బిగించనే లేదు మహాప్రభో అని మూడుసార్లు ఫోటోలు పంపినా అదే జవాబు, చివరికి ఆ రింగులు పనికిరావనుకుని వదిలేశా. తర్వాత 1,350 పెట్టి ఒకే ముక్కగా ఉండే మౌంట్ కొన్నాను, కింద చిన్న పిన్ను ఉంటుంది, అది తుపాకీ మీదున్న రంధ్రంలో దిగుతుంది, ఇక జారమన్నా జారదు. స్క్రూలకు మా అమ్మాయి నెయిల్ పాలిష్ ఒక చుక్క వేశాను, మౌంటుకు, గాడికి కలిపి అదే రంగుతో ఒక గీత కూడా గీశా. గీత విరిగితే జరిగినట్టు. రెండు వందల పెల్లెట్ల తర్వాత కూడా గీత అట్లాగే ఉంది. నేను పెట్టిన డబ్బంతట్లో కళ్లు మూసుకుని మళ్లీ పెట్టేది ఈ 1,350 మాత్రమే.

ఇన్ని చేశాక ఆ 2,300 స్కోపు నాలుగు నెలలు బాగానే నడిచింది. జూలైలో, ముసురు పట్టిన వారం, లోపల ఆవిరి పట్టింది. ముందు అద్దం లోపలివైపు, తుడవడానికి లేదు. బియ్యం డబ్బాలో రెండు రోజులు పెడితే పోయింది కానీ గాలి, తేమ లోపలికి పోతున్నాయని తేలిపోయింది కదా, డబ్బా మీద మాత్రం వాటర్‌ప్రూఫ్, ఫాగ్‌ప్రూఫ్ అని బంగారు అక్షరాలు. ఆగస్టులో ఒక ఆదివారం కన్ను పెడితే ప్లస్ గీత గుణకారం గుర్తులా వాలి ఉంది. ఊపితే లోపల గలగల. వెయ్యి, పన్నెండు వందల పెల్లెట్లు కాల్చి ఉంటా అప్పటికి.

పడేద్దామనుకున్నా. కాజీపేటలో ఉండే మా దోస్తు దగ్గర పీసీపీ ఉంది, పంపుతో ముందే గాలి నింపుకునే రకం, అందులో బరువైన పిస్టన్ కొట్టుకోవడం ఉండదు కాబట్టి అదురు దాదాపు సున్నా. వాడు కూడా అదే స్కోపు, అదే అచ్చు, వేరే పేరుది, 2,100కు కొని ఏడాది దాటింది. ఒకరోజు ఇద్దరం కలిసి వాడి దానికి చతురస్రం పరీక్ష పెట్టాం. ఐదు మిల్లీమీటర్ల తేడాతో మూసుకుంది! నాకు ఏడుపొక్కటే తక్కువ. అదే సరుకు నా తుపాకీ మీద చచ్చింది, వాడి తుపాకీ మీద మంచిగ బతుకుతోంది. కాబట్టి ఎవరైనా "చవక స్కోపు కొనొచ్చా" అని అడిగితే నేను తిరిగి అడిగేది "ఏ తుపాకీ మీదికి?" అని. పీసీపీ అయితే రెండు వేలది కొనండి, పారలాక్స్ సంగతి గుర్తుపెట్టుకోండి, చాలు. స్ప్రింగ్ అయితే ఆ డబ్బు దాచి ఇంకొంచెం కలపండి.

మూడోది అలా కలిపి కొన్నదే. 6,800, హైదరాబాద్‌లో ఎయిర్ రైఫిళ్లు అమ్మే షాపులో, స్ప్రింగ్ తుపాకీ మీద నిలుస్తుందా అని నాలుగుసార్లు అడిగి, బిల్లు మీద ఏడాది వారంటీ రాయించుకుని మరీ. ఇదీ 3-9x40నే, తేడా ఏమిటంటే ముందు అద్దం చుట్టూ తిప్పే రింగు, దాని మీద 10 గజాల నుంచి దూరాలు రాసి ఉంటాయి. దీన్నే ఏఓ (అడ్జస్టబుల్ ఆబ్జెక్టివ్) అంటారు. 20 మీటర్ల దగ్గర రింగు సరిచేస్తే తల ఊపినా గీత కదలదు, చూసి నేను ఒక్కడినే తోటలో నవ్వుకున్నా. అంకెలు మాత్రం నమ్మొద్దు, 20 గజాలని రాసిన చోట 17 గజాలకో 18 గజాలకో స్పష్టంగా ఉంటుంది, టేపుతో కొలిచి మన గీతలు మనమే పెట్టుకోవాలి. తొమ్మిది మీద అంచుల్లో రంగులు విడిపోతాయి, ఎండకు ఎదురుగా పెడితే పాలు పోసినట్టు తెల్లబడుతుంది. ఆ డబ్బుకు అది తప్పదు.

దీంతో మంచి పెల్లెట్లు పెట్టి, 20 మీటర్ల దగ్గర, బస్తా మీద ఆనించి పది కాలిస్తే పదీ రెండున్నర సెంటీమీటర్లలో, ఒకరోజు తొమ్మిది రూపాయి బిళ్లలో. ఏడాదికి దగ్గర పడింది, రెండు వేల పైన కాల్చాను, చతురస్రం ఇంకా మూసుకుంటోంది, వానాకాలంలో ఆవిరి రాలేదు. ఆ పెల్లెట్ల ముచ్చట కూడా చెప్పాలి: అదే స్కోపు, అదే చెయ్యి, లోకల్ చవక పెల్లెట్లతో ఐదు సెంటీమీటర్లు దాటింది. డబ్బాలో పదింటికి ఒకటి అంచు నొక్కుకుపోయి ఉంది, ఇక ఏ స్కోపు ఏం చేస్తుంది. పట్టుకోవడం కూడా అంతే, స్ప్రింగ్ తుపాకీని గట్టిగా అదిమి పట్టుకుంటే ఒక చోట, అరచేతిలో ఊరికే ఆనించి దాని అదురు దాన్ని అదరనిస్తే ఒక చోట పడుతుంది. రెండోదే మంచిది. రోజుకో రకంగా పట్టుకుని స్కోప్ జీరో పోయిందని గుండీలు తిప్పేవాళ్లను చూశా, నేనే ఆ పని రెండు నెలలు చేశా.

ఇంకో విషయం కొత్తవాళ్లను బాగా తికమక పెడుతుంది. 20 మీటర్ల దగ్గర సరిచేసి, 10 మీటర్లకు దగ్గరికొస్తే పెల్లెట్ పైకి పడుతుందనుకుంటాం. నా తుపాకీకి సెంటీమీటరు కిందికి పడుతుంది. ఎందుకంటే స్కోపు గొట్టం కన్నా నాలుగైదు సెంటీమీటర్లు పైన కూర్చుంటుంది, పెల్లెట్ కింది నుంచి పైకి ఎక్కి వచ్చి 20 దగ్గర చూపును కలుస్తుంది, 10 దగ్గర ఇంకా ఎక్కుతూనే ఉంటుంది. 30కి పోతే మళ్లీ రెండు సెంటీమీటర్ల పైనే కిందికి. స్కోపులో తప్పేం లేదు, ఒక కార్డు మీద ఈ మూడు దూరాలూ రాసి తుపాకీ సంచిలో పెట్టుకుంటే చాలు.

మా బామ్మర్దికి మాత్రం ఇదంతా ఎక్కదు. "బావా, గన్ని పైసలు పెట్టి గంత దూరంల కార్డు కొట్టుడెందుకు, దగ్గరికి పోయి మొలతో పొడువరాదు" అంటాడు. వాడే పోయిన వారం నా చేతిలోంచి తీసుకుని వరుసగా నాలుగు సోడా మూతలు పడేసి, ఐదోది తప్పగానే "నీ స్కోపుల ఏదో ఉన్నదే" అన్నాడు.

మొత్తం 11,300 అయ్యాయి, మౌంటుతో కలిపి. మా ఆవిడకు చెప్పింది నాలుగు వేలు. ముందే ఎవరైనా చెప్పి ఉంటే మౌంటూ మూడోదీ కలిపి 8,150తో అయిపోయేది.

2,300ది మా దోస్తు తీసుకుపోయాడు, మూతలు, స్క్రూలు పనికొస్తాయని. 850 రూపాయల 4x20 మాత్రం షాపులోనే ఉంది. దాని వెనక అద్దం విప్పి తీశాను, బేరింగు మీద 6202నా 6203నా అని అరిగిపోయిన నంబరు చదవడానికి కంటి దగ్గర పెట్టుకుంటా. పక్క షాపాయన ఇలాంటిది ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. అద్దం మంచిదే.